అమ్మోరి చెట్టు బొండం

నువ్వడిగింది నాకు బాగానే వినపడింది. డాక్టరు మాటా, దేవుడి మాటా ఒకే మనిషి ఎలా నమ్ముతుందని కదా? కాలేజీ పిల్లవి, నీకు జవాబు వెంటనే కావాలి. నాకు తెలిసింది మీ తాత జబ్బు సంగతి ఒక్కటే. అదే చెబుతాను, రాసుకో. మధ్యలో ఆపకు. ఆపితే ఎక్కడున్నానో మర్చిపోతాను.

మన వైపు కొత్తగా కొబ్బరితోట వేస్తే మొదటి మొక్క అమ్మవారి పేరు మీద నాటేవాళ్ళు. మన తోటలో అది నీళ్ళు పారే గెడ్డ పక్కన ఉంది. అమ్మోరి చెట్టు అంటాం. దాని కాయ అమ్మకూడదు. పండగకి గుడికి తీసుకెళ్ళాలి, లేదా ఇంట్లో ఒంట్లో బాగులేనివాళ్ళకి ఆ బొండం తాగించాలి. జ్వరానికీ అదే, బాలింతకీ అదే. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు కామెర్లొస్తే మా అత్త అదే తాగించింది. తగ్గాయి కూడా, అబద్ధమెందుకు చెప్పాలి?

తొంభైల చివర్లో మీ తాతకి కాళ్ళు వాచాయి. తోటలో ఎక్కువ తిరిగాడులే అనుకున్నాం. తర్వాత అన్నం సయించలేదు. కాశీబుగ్గలో డాక్టరు రక్తపరీక్ష కాయితం చూసి, ఇంకేం మాట్లాడకుండా విశాఖపట్నం వెళ్ళమన్నాడు. అప్పటికే మన ఉద్దానంలో ఏ వీధికి వెళ్ళినా కిడ్నీ జబ్బు మనిషి ఉన్నాడు. కాబట్టి మాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

పలాసలో రైలెక్కి వెళ్ళాం. అక్కడి డాక్టరు చిన్నవాడు, మంచివాడు.

"కొబ్బరినీళ్ళు, జీడిపప్పు, అరటిపళ్ళు పూర్తిగా మానెయ్యాలి. మంచినీళ్ళు కూడా కొలుచుకునే తాగాలి," అన్నాడు.

"బాబూ, మాది ఉద్దానం," అన్నాడు మీ తాత. "మాకున్నయ్యే అయ్యి. సేపని నీళ్ళల్లోంచి బయటికొచ్చి బతకమన్నట్టున్నాది."

డాక్టరు నవ్వి, నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. కొబ్బరినీళ్ళలో పొటాషియం అని ఒక లవణం ఉంటుందట. బాగున్న కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. పాడైన కిడ్నీ తోయలేదు. అది రక్తంలో పేరుకుపోతే గుండె ఆగిపోతుంది. మీ తాత అప్పుడు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

ఇంటికొచ్చేసరికి మా అత్త అమ్మోరి చెట్టు బొండం చెక్కి సిద్ధంగా పెట్టింది. అత్తంటే నాకు మేనత్త కూడా. మీ తాతని నేను బావా అనే పిలిచేదాన్ని.

"తాగరా నాయినా. అమ్మోరు సల్లగా సూత్తాది," అంది.

నేను అడ్డం వెళ్ళాను. "వద్దత్తా. ఇది తాగితే గుండాగిపోద్దని డాట్రు సెప్పినాడు."

"ఏటే, అమ్మోరి సెట్టు నీళ్ళకి గుండాగిపోద్దా? నీకు కామెర్లొచ్చినప్పుడు ఆగిందేటి?"

"అప్పుడు నా కిడ్నీలు బాగున్నాయత్తా."

"ఓయబ్బో! ఇసాపట్నం ఒక్కపాలి ఎల్లొచ్చీసరికి నువ్వే డాట్రమ్మవైపోనావు!"

ఇంక మాట పెంచకుండా ఆ బొండం తీసుకెళ్ళి పెరట్లో పెయ్యకి పోసేశాను. పొద్దు వాలేలోపు వీధి వీధంతా తెలిసిపోయింది, అమ్మోరి నీళ్ళు పశువుకి పోసిందని. అంతవరకు జీడిపప్పు పొట్టు తీసుకుంటూ మన అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళు ఎదురింటి అరుగుకి మారిపోయారు. నేనొక్కదాన్నే చేట ముందేసుకుని కూర్చునేదాన్ని. అటు నుంచి నవ్వులు వినపడేవి. నేను తలెత్తితే ఆగిపోయేవి. మనుషులు లేని చోట ఒంటరిగా ఉండడం వేరమ్మా. అది నాకు తోటలో అలవాటే.

వాళ్ళ సంగతి సరే. మీ తాతే నాతో మాటలు తగ్గించేశాడు. స్టీలు గ్లాసులో కొలిచి నీళ్ళిస్తే తీసుకుని అటు తిరిగి తాగేవాడు. ఒకరోజు ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ అన్నాడు.

"నాకు నమ్మకమున్నాది. నీకు బయమున్నాది. అంతే తేడా."

"బావా, నాను దండం పెట్టీది కూడా ఆ అమ్మోరికే కదా?"

ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నాకూ నమ్మకం ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. డాక్టరు మాట వింటున్నాను కాబట్టి నేను దేవుణ్ణి వదిలేసినట్టే వాళ్ళ లెక్క.

ఒక మధ్యాహ్నం తోటలోకి వెళ్ళి ఆ చెట్టు కింద నిలబడ్డాను. పైన గెల నిండుగా ఉంది. ఈ నీళ్ళలో ఆ లవణం పెట్టిందెవరు? అమ్మవారే. దాన్ని బయటికి తోసే పని కిడ్నీకి అప్పజెప్పిందెవరు? ఆమే. మరి డాక్టరు చెప్పింది ఆమె చేసిన పని గురించే కదా, ఆమెకి ఎదురెక్కడుంది? అంతవరకు నాకు తేటగా అర్థమైంది. మనసు కూడా కొంచెం తేలికపడింది. కానీ ఇంకో అడుగు వేస్తే, ఆ కిడ్నీని పాడుచేసిందెవరు అన్న ప్రశ్న వచ్చింది. అక్కడ ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

అమ్మోరి పండగ వచ్చింది. మా అత్త నాతో చెప్పకుండా మొక్కుకుంది, కొడుకు గుడి ముందు నిలబడి ఎత్తిన బొండం దించకుండా తాగుతాడని. నాకు అక్కడికెళ్ళాకే తెలిసింది. పూజారి బొండం కొట్టి మీ తాత చేతిలో పెట్టాడు. డప్పులు ఆగాయి. జనమంతా ఆయన్ని చూడడం లేదు, నన్నే చూస్తున్నారు, మళ్ళీ లాక్కుంటుందేమోనని. లాక్కుందామనే ఉంది. కానీ అమ్మవారి ముందు ఆయన చేతిలోంచి లాక్కునే ధైర్యం నాకు లేదు. చూస్తూ ఊరుకునే ధైర్యమూ లేదు.

మీ తాత బొండం పెదాల దాకా ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగిపోయి, బొండం పైనుంచి నన్ను చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అమ్మవారి వైపు ఒకసారి చూసి, బొండం దించకుండానే నా దగ్గరికి నడిచొచ్చాడు.

"ఒలే, నోరు తెరు. నీ కిడ్నీలు బాగున్నాయన్నావు కదా, నా వాటా కూడా నువ్వే తాగీ," అన్నాడు.

"అదేటిరా, మొక్కు నీ పేర మొక్కినాను!" అని అరిచింది అత్త.

పూజారి అటు చూశాడు, ఇటు చూశాడు. "ఆలూమగలు ఒకటే కదమ్మా. అమ్మోరు అంత బేరమాడదు. తాగనీ," అన్నాడు.

మీ తాత బొండం పట్టుకున్నాడు, నేను తాగాను. పొలమారింది. సగం చీర మీద ఒలికింది. "సరిగ్గా తాగే, ఒలకబోయకు!" అని అత్త వెనక నుంచి గసిరింది. ఎవరో నవ్వారు. మీ తాత కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత మేం ఇద్దరం మాట్లాడుకుంటూ ఇంటికొచ్చాం.

తర్వాత ఆయన కొన్నేళ్ళు ఉన్నాడు. డయాలసిస్ కోసం విశాఖ రైళ్ళలో తిరిగాం. రైల్లో దేవుడి గురించీ, రక్తం కడిగే ఆ మిషను గురించీ తోచిందల్లా మాట్లాడేవాడు. "ఈ మిసనికి కూడా దసరాకి బొట్టెట్టాల," అనేవాడు. పోయినప్పుడు మా అత్త ఒకటే మాట అంది. "ఆరోజు తాగుంటే బతికీవోడేమో." నేను కాదని వాదించలేదు. ఆవిడకి కొడుకు పోయాడు.

ఆ తర్వాత ఊళ్ళోకి పరిశోధన చేసేవాళ్ళు చాలామంది వచ్చారు. నూతినీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, మట్టి తీసుకెళ్ళారు, నా రక్తమూ తీసుకెళ్ళారు. జబ్బు ఎందుకొస్తోందో చెప్పమని వాళ్ళని అడిగాను. ఇంకా తెలియలేదమ్మా అన్నారు. గుడిలోనూ అదే అడుగుతాను. అక్కడా జవాబు రాలేదు. గుడి దగ్గరివాళ్ళతో డాక్టరు మాట ఎత్తితే మొహం తిప్పుకుంటారు. మీ నాన్నతో అమ్మవారి మాట ఎత్తితే టీవీ పెట్టుకుంటాడు. రెండూ కలిపి మాట్లాడడానికి నాకు మీ తాత ఒక్కడే ఉండేవాడు. ఆయన దగ్గరా జవాబు లేదులే. కానీ అడిగితే విని, ఏదో ఒక వెటకారమైనా ఆడేవాడు.