పద్నాలుగు అంగుళాల గార్డు

కురవి దగ్గరి తండా పిల్ల గీత డిప్లొమా చదివి, మహబూబాబాద్‌లో దేవేందర్ వెల్డింగ్ షెడ్డులో కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తుంది. ఆ షెడ్డులో అంగుళాలూ సూతులే నడుస్తాయి. అంగుళంలో ఎనిమిదో వంతు సూతు. మిల్లీమీటర్లలో చెబితే రాంజీ మేస్త్రీ చెవిన పెట్టడు. అందుకని గీత బొమ్మ కూడా అంగుళాల్లోనే.

నిరుడు యాసంగిలో, ఈ షెడ్డులో తయారైన మక్కలు పట్టే మిషన్ గీత తండ్రి పూల్‌సింగ్ కుడిచేతి వేళ్లు రెండు మింగింది. దేవేందర్ పెద్ద మనసుతో అరడజను అరటిపళ్లు పట్టుకుని దవాఖానకు వెళ్లి, "జర సూస్కోవాలె గద, పూల్‌సింగూ!" అని బుద్ధి చెప్పి వచ్చాడు. మిషన్‌ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పాపం, దాని మనసు నొచ్చుకోదూ!

ఈ ఏడు అదే మిషన్‌కు మొక్కజొన్న కండెలు అందించాల్సింది గీత తల్లి జమ్లీ. సోమవారం నుంచే పని. అందుకే గీత నెల రోజులు కూర్చుని, మిషన్ నోటికి పద్నాలుగు అంగుళాల వెడల్పు గార్డు గీసింది. చెయ్యి లోపలికి పోకుండా అడ్డం పడే రేకు అది.

రేకు కోసే లేజర్ హైదరాబాద్‌లో ఉంది. వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు, వీళ్లది వేరు. కాబట్టి బొమ్మను డీఎక్స్‌ఎఫ్ అనే తటస్థ ఫైలుగా మార్చి పంపాలి. ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఎవరి పక్షమూ వహించదు. మూడు పార్టీలు మారిన దేవేందర్‌కు అలాంటిదంటే మహా గౌరవం. అయితే షెడ్డులో వాడే పాత రకం ఫైలులో గీతలూ అంకెలే వెళతాయి. పద్నాలుగు అంటే అంగుళాలో, మిల్లీమీటర్లో అది చెప్పదు. అందుకే గీత బొమ్మ మూలన "అన్నీ అంగుళాలే" అని రాసిపెట్టింది. పంపే పని మాత్రం యజమానిది. కంప్యూటర్ విద్య తనకే తెలుసని ఆయన నమ్మకం మరి.

శనివారం పార్సెల్ వచ్చింది. షెడ్డు అమ్మిన మిషన్లన్నిటికీ కలిపి నలభై గార్డులు రావాల్సిన చోట మిఠాయి డబ్బా అంత పెట్టె. లోపల గార్డులు నలభై ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. ఒక్కోటి పద్నాలుగు మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత.

"నేను రాసిన రాత ఏమైంది సార్?" అంది గీత.

"తీసేసిన బిడ్డా. రాతలుంటే లేజర్ గవిట్ని గూడ కోస్తది. పోయినసారి గేటు మీద గట్లనే 'పైభాగం' అని కోసిండు. నాకు దెల్వదా ఏంది?"

"గా రాతనే కొలత సార్!"

"బొమ్మల కొలత ఉండదా? పరేషాన్ గాకు. పది రోజుల్ల మల్ల తెప్పిస్తా."

గీతకు ఒళ్లు మండిపోయింది. "ఎల్లుండి గా మిషన్ల చెయ్యి పెట్టేది మా అమ్మ!" అని కంప్యూటర్ కట్టేసి, రాంజీ మేస్త్రీ ముందు ఇనుపరేకు పరిచి, సుద్దముక్క తీసుకుంది. పద్నాలుగు అంగుళాలు, రెండు సూతుల మడత. మేస్త్రీ ఏ ఫైలూ అడగలేదు. ఆదివారం సాయంత్రానికి కోసి, వంచి, తండాకు వెళ్లి మిషన్‌కు బిగించేశాడు.

సోమవారం పొద్దున్నే దేవేందర్ తండాకు ఫ్లెక్సీతో దిగాడు. "రైతు రక్షక గార్డు: దేవేందర్ గారి సొంత ఆలోచన." ఫొటోగ్రాఫర్‌ను కూడా తెచ్చుకున్నాడు.

"పూల్‌సింగూ, గార్డు మీద చెయ్యి పెట్టి జర నవ్వు."

పూల్‌సింగ్ కుడిచెయ్యి పెట్టాడు. రేకు మీద మూడు వేళ్లు. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

"గా చెయ్యి తియ్యి, ఇంకోటి పెట్టు," అన్నాడు దేవేందర్ గొంతు తగ్గించి.

"ఉండనియ్యి బాపూ," అంది గీత. "గిది గూడ మీ మిషన్ రాసిన రాతే సార్. గిది చెరిపితే పోదు."

ఫొటో దిగలేదు. జమ్లీ చీర చెంగు బిగించి, గంపెడు కండెలు మిషన్ నోట్లో పోసింది. ఆమె చెయ్యి రేకుకు తగిలి అక్కడే ఆగింది.