ఎర్మెలిందా ముక్కు

ఇటలీలో అస్తి పట్టణం పక్కన కొండ మీద మా ఊరి ద్రాక్ష రైతుల సహకార సంఘంలో ఇరవై ఆరేళ్లుగా వైన్ ట్యాంకుల కుళాయి దగ్గర నిలబడుతున్న మనిషి ఎర్మెలిందా. సీసాల్లో పోసి లేబుల్ అంటించిన వైన్ పెళ్లిళ్లకీ, తురీను నగరం నుంచి వచ్చే చుట్టాలకీ. మేం రోజూ మధ్యాహ్న భోజనంలోకి తాగే చవక ఎర్ర వైన్ బార్బెరా మాత్రం ఆమె చేతి మీదుగా మా గాజు బుడ్డీల్లోకి రావాల్సిందే. ఇంట్లో ఆ వారం ఏం వండుతున్నారో అడిగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, మూడో ట్యాంకుదో ఐదో ట్యాంకుదో పోసి పంపేది. ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

ఓ ఫిబ్రవరిలో ఆమెకు జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది గానీ వాసన తెలియడం మానేసింది. కాఫీ వేడినీళ్లలా ఉంది. వైన్‌లో తడి తప్ప ఏమీ లేదు. ఈ సంగతి ఇంట్లోగానీ బయటగానీ చెప్పలేదు. అలవాటు కొద్దీ గ్లాసు వాసన చూస్తున్నట్టు నటించి, రంగును బట్టి, పాత జ్ఞాపకాన్ని బట్టి పోసేది. వసంతంలో సగం ఖాళీ అయిన ట్యాంకుల్లో వైన్ పులిసిపోతుంది. అది తన చేత్తోనే జనం పళ్లెం పక్కకు చేరుతుందేమోనని రోజూ భయపడేది.

ఆమె ఆడపడుచు పియెరీనా పెళ్లి చేసుకోలేదు, అదే ఇంట్లో ఉండేది. వదిన వంటకు ముప్పై ఏళ్లుగా వంకలు పెట్టడమే ఆమెకు కాలక్షేపం. ఓ ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతోంది. వదిన ఆ పక్కనే కూర్చుని తాపీగా చిక్కుళ్లు ఒలుస్తోంది.

"ఏంటొదినా, ముక్కు గానీ ఊరికి పంపించావా?"

ఎర్మెలిందా చేతిలో కాయను పక్కన పెట్టింది. "ఊరికే పోయిందే. రెండు నెలలయింది, రాలేదు," అంటూ ఏడ్చేసింది.

పియెరీనా ముందు పొయ్యి ఆర్పి, గిన్నె నానబెట్టింది. మర్నాడు పొద్దున్నే ఏప్రాన్ కట్టుకుని వదిన వెంట సంఘానికి వెళ్లి, వరసగా ఒక్కో ట్యాంకూ రుచి చూసింది. నాలుగోదాని దగ్గర మొహం చిట్లించింది. అది వెనిగర్ దారి పట్టింది. మధ్యాహ్నం పోస్ట్‌మన్ సెవెరీనో పదవీ విరమణ విందుకు వెళ్లాల్సినది అదే.

ఇక దాచి లాభం లేదని ఎర్మెలిందా సంఘం మేనేజరు గ్వాల్తియేరో గదికి తానే వెళ్లింది. ఉద్యోగం పోయినట్టేనని అనుకుంది. అంతా విని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నాలుగోది వెనిగర్‌కి పంపిద్దాం. ఎవరింట్లో ఏది నచ్చుతుందో నీకు తెలిసినట్టు నాకు తెలీదమ్మా. కుళాయి దగ్గర నువ్వే ఉండు. వాసన చూడ్డానికి మీ ఆడపడుచును రమ్మను."

ఆ మధ్యాహ్నం విందులో ఐదో ట్యాంకు బార్బెరా పోశారు. రెండు నెలల్లో ఎర్మెలిందా కడుపునిండా తిన్నది అప్పుడే. రుచి తెలియలేదు, అయినా రెండోసారి వడ్డించుకుంది. వసంతమంతా వదిన అడగడం, ఆడపడుచు వాసన చూడడం, ఇద్దరూ గొణుక్కోవడం. మాకు మాత్రం వైన్ బాగానే వచ్చేది.

జూన్‌లో ఎర్మెలిందాకు మొదట ట్రాక్టరు పొగ వాసన తెలిసింది, తర్వాత వెల్లుల్లి. ద్రాక్ష కోతల నాటికి గ్లాసులో వైన్ నుంచి చెర్రీల్లాంటి పుల్లని వాసన లీలగా తగిలింది. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ వాసన చూసింది.

"అయితే రేపట్నుంచి నేను రానక్కర్లేదన్నమాట," అంది పియెరీనా, ఏప్రాన్ ముడి విప్పుతూ.

"రా. నీకు మాత్రం ఇంట్లో ఏం పని?" అంది ఎర్మెలిందా, ఆమెకో గ్లాసు పోస్తూ.