నిచ్చెన ఛాసిస్

జంగయ్య ఇరవై రెండేళ్లు లారీ నడిపాడు. ప్రమాదంలో కుడికాలు పోయాక మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. నాలుగేళ్లుగా ఇబ్రహీంపట్నంలో ఇంటి అరుగు మీద కూర్చుని, సాగర్ రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ, ఏది ఏ గేరులో ఉందో తనలో తనే చెప్పుకునేవాడు.

డిప్లొమా చదివే కూతురు నందిని అది గమనించింది. తండ్రి కోసం రిమోట్‌తో నడిచే చిన్న లారీని తనే తయారుచేయాలనుకుంది. బండికి అడుగు చట్రంగా పెట్టేందుకు సిటీ నుంచి రెండు ఛాసిస్‌లు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఒకటి పలచని పలక. ఇంకొకటి రెండు పొడుగు ఇనుప పట్టీలకు అడ్డకమ్మీలు బిగించిన నిచ్చెనలాంటిది.

"పలకది మస్తు ఉరుకుతది బాపూ. నిచ్చెనది బరువు, నిదానం. ఏది పెట్టాలె?"

జంగయ్య నిచ్చెనదాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూశాడు. అది కొంచెం వంగి మళ్లీ సాపైంది.

"గుంతల దిగితే మన లారీ గిట్లనే జర మెలి తిరిగేది బిడ్డా. నడుముకు తెలిసేది. ఉరికేది నాకెందుకు? గిదే పెట్టు."

నెల తర్వాత, జంగయ్య అరుగు మీద నుంచే రిమోట్ నొక్కితే, చిన్న లారీ ఇంటి ముందు మట్టిబాట పట్టింది. ఊగుతూ, తూలుతూ వేపచెట్టు దాకా పోయి, బ్యాటరీ అయిపోయి ఆగింది.

"తెస్తా ఉండు," అంటూ నందిని లేచింది.

"జరసేపు ఉండనియ్యి," అన్నాడు జంగయ్య. "నాగపూర్ తొవ్వల గట్లనే చెట్టు కింద ఆపి చాయ్ తాగేటోణ్ణి."

నందిని మళ్లీ ఆయన పక్కనే కూర్చుంది.