వెనక్కి జరిపిన తేదీ

శ్రీవాణీ చరణారవిందాలకు నమస్కారం.

స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర మార్గశిర బహుళ ఏకాదశి, ఇందువాసరం. మదనపల్లె.

ఏడేండ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. పలకడానికి ఒక్క ఊపిరి చాలింది. దించుకోవడానికి ఏడేండ్లు చాలలేదు. నేను దొంగతనం చేయలేదు, ఎవరి పొలం గట్టూ జరపలేదు, ఎవరి మీదా చేయెత్తలేదు. అందువల్లనే కాబోలు, చేసిన దానికి నేరమనే పేరు పెట్టడానికి ఇంతకాలం వెనుకాడాను. పేరు పెట్టని దానికి ప్రాయశ్చిత్తం ఏముంటుంది?

చదువరీ, నీవెవరో నేనెరుగను. నా పేరు నీకు చెప్పను. తెలియవలసిన వారికి నాలుగు వాక్యాలు చదవగానే తెలుస్తుంది. బస్సులో పక్కన కూర్చున్న ముసలివాని మాట విన్నట్లు విను. ఓదార్చవద్దు.

నేను తెలుగు పండితుణ్ని. పుంగనూరులో చాలాకాలం పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేసి, మదనపల్లెలో ఒక మిద్దెగదిలో ఒంటరిగా ఉంటున్నాను. ఈ ఊరిలో మేము కొందరం కలసి ఒక చిన్న భాషాసంఘం నడిపేవాళ్లం. దుక్కిలో, మగ్గం దగ్గర, పాడిలో, పొయ్యి దగ్గర ఈ ప్రాంతపు మనుషులు పలికే మాటలను చీటీల మీద రాసి, అర్థం రాసి, ఏ ఊరిలో ఎవరి నోట విన్నామో రాసి, బిస్కెట్టు రేకు డబ్బాలలో దాచేవాళ్లం. నాకు సంసారమూ చుట్టపక్కాలూ ఆ డబ్బాలే. తంబళ్లపల్లెలో ఒక గొర్రెలకాపరి చెప్పిన ఒకే ఒక మాట కోసం పొద్దంతా బస్సులలో గడిపి వచ్చిన రోజులున్నాయి.

డబ్బాలు నిండిపోయాయి. చీటీలకు చెదలు పట్టసాగాయి. అప్పుడు సంఘం ఒక కంప్యూటరు కొన్నది. దానిలో డేటాబేసు అనే సాఫ్ట్‌వేరు ఎక్కించాలన్నారు. చీటీలన్నిటినీ తన కడుపులో వరుసగా పెట్టుకొని, అడిగిన మాటను అడిగిన క్షణాన తీసి ఇచ్చే భాండాగారం అది అని నాకు అర్థమైంది. ఎక్కించే పనిని మునిరత్నమ్మకు అప్పగించారు.

మునిరత్నమ్మ నా శిష్యురాలు. పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె ఆమెది. తల్లిదండ్రులు టమాటా తోటలలో కూలికి పోయేవారు. ఆ ఇంట బడి ముగించిన మొదటి మనిషి ఆమె. అప్పటికి ముప్పై దాటి, పెండ్లయి, పుంగనూరులో కాపురముంటూ, కంప్యూటర్లు బాగుచేయడం నేర్చి దొరికిన పనులు చేసుకొంటున్నది. సంఘం ఆమెకొక మాట ఇచ్చింది: ఈ పని చక్కగా ముగిస్తే, కుప్పంలో తెరవబోయే శాఖలో నెలజీతపు ఉద్యోగం ఆమెదే. ఆమె పేరు సూచించినది నేనే.

పని మొదలుపెట్టవలసిన దినం ధనుర్మాసంలో పడింది. కొత్త పనికి అది శూన్యమాసం. యంత్రంలో మొదటి మాట రాయడం అక్షరాభ్యాసం వంటిది, నెల దాటనిద్దామని సభలో అన్నాను. కార్యదర్శి నారాయణప్ప నవ్వాడు. కిరాణా వర్తకుడు, మనసు మంచిది, నాలుక వాడి.

"ఏమి అయివోరూ, మిషనుకు గూడా తిథి సూస్తారా? అట్లయితే కరెంటోళ్లకు సెప్పండి, తీసేది కూడా వర్జ్యం సూసి తీయమని!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తర్వాత కూడా ఆ నవ్వు నా చెవిలో ఆగలేదు.

మరునాడు అందరికంటే ముందుగా వెళ్లి సంఘం తలుపు తీశాను. యంత్రం తెరిచి, దాని తేదీని అంతకుముందు వెళ్లిన విజయదశమికి జరిపాను. గంటలూ నిమిషాలూ ముట్టుకోలేదు. తెర అడుగున ఉన్న సన్నని పట్టీలో గడియారం వేళను మాత్రమే చూపేది. దానిమీద నొక్కితేనే తేదీ కనిపించేది. కనుక ఎవరి కంటా పడలేదు. లోకానికి ధనుర్మాసం, మా యంత్రానికి ఆశ్వయుజ శుద్ధ దశమి. తొలి మాట ఎన్నడు రాశారని ఎవరు అడిగినా విజయదశమి నాడని యంత్రమే సాక్ష్యం చెబుతుంది. ఎంత పసితనం! కాదు. పసితనమంటే నన్ను నేను ముద్దు చేసుకొన్నట్లవుతుంది. అది నవ్విన వారి మీద పంతం.

మునిరత్నమ్మ పుంగనూరు నుంచి తొలి బస్సుకు వచ్చింది. సంఘం గదిలో ఇంటర్‌నెట్ లేనందున సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవులో తెచ్చింది. ఎక్కించబోతే సగంలో ఆగి, ధ్రువపత్రం గడువులో లేదని ఇంగ్లీషులో ఒక వాక్యం తెరమీదికి వచ్చింది. యంత్రాన్ని ఆపి మళ్లీ తెరిచింది. వైరస్‌కు కాపలా ఉండే సాఫ్ట్‌వేరును కాసేపు ఆపి చూసింది. అదే వాక్యం. తాను తెచ్చినది పాతబడి గడువు తీరిందేమోనని, ఇంకా కొత్తదానిని దింపుకొని రెండు రోజులకు మళ్లీ వచ్చింది. అదే వాక్యం.

ఆమె కొత్తదాని కోసం ఎంత ముందుకు పరుగెత్తితే మా యంత్రానికి అంత దూరమైపోయింది. ఆ సాఫ్ట్‌వేరు మీద దానిని చేసినవారి ముద్ర, అంటే ఆ ధ్రువపత్రం, పడినది విజయదశమి దాటిన తర్వాత. మా యంత్రం లెక్కలో ఆ ముద్ర ఇంకా పుట్టనే లేదు. ఇదంతా నాకు తర్వాత బోధపడింది. రెండవసారి ఆమె వచ్చి వెళ్లేదాకా నాకేమీ తెలియదు. అంతవరకూ నేను మూర్ఖుణ్నే గాని దోషిని కాను. ఈ ఒక్క వాక్యాన్ని నా పక్షాన రాసుకొనే హక్కు నాకున్నది. తర్వాతి దానికి లేదు.

మూడవసారి వచ్చింది. నారాయణప్ప అంగడి వదిలిపెట్టి వచ్చి ఆమె వెనుక నిలబడ్డాడు.

"ఏం మునిరత్నా, ఇదేమన్నా డొక్కు బస్సా, దిగి తోస్తే స్టార్టయ్యేదానికి? మూడు తూర్లాయ గదమ్మా!"

"ఇంకొంచేపు ఆగన్నా. యాడో సిన్నది తప్పు పడతాండాది, అంతే."

"ఆ సిన్నది దొరికేలోపల మేము పెద్దోళ్లం పోతాము."

ఆమె నవ్వింది గాని చెమట తుడుచుకొన్నది. తెరమీది వాక్యాన్ని పెదవుల మధ్యనే మరొకసారి చదివింది. ఉన్నట్లుండి నా వైపు తిరిగింది.

"అయివోరా, దీంట్లో తేదీ సరిగ్గా ఉండాదా? ఒక్కోతూరి తేదీ తప్పుంటే గూడా ఇట్లే అడ్డం పడతాది."

అడుగుతూనే ఆమె చేయి మౌసు మీదికి పోయింది. గడియారం మీద ఒక్క నొక్కు. అంతే చాలు. తేదీ బయటపడుతుంది, ఎవరు మార్చారని నారాయణప్ప అడుగుతాడు, అయివోరు మిషనుకు దొంగ ముహూర్తం పెట్టినాడని అంగడి అంగడికీ తిరిగి చెబుతాడు. ఇది ఆలోచించి అన్నానా, అన్న తర్వాత ఆలోచించానా? ఏడేండ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

"సరిగానే ఉందమ్మా. పొద్దున నేనే చూసినాను."

ఆమె చేయి వెనక్కి తీసుకొన్నది.

"మీరు సూసినాక ఇంగ నేను సూసేదేముండాది సార్."

"అయివోరు పంచాంగం మింగిన మనిషి," అన్నాడు నారాయణప్ప. "ఆయప్ప దగ్గిర తేదీ తప్పుతాదా?"

ముగ్గురమూ నవ్వాము.

తేదీ వల్లనే పని ఆగుతున్నదని నాకు అప్పుడు తెలుసునా? అనుమానమే గాని నిశ్చయం లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకొన్నాను. వ్యాకరణ సందేహమైతే పది గ్రంథాలు తిరగేసి గాని నిద్రపోని వాణ్ని, ఈ సందేహాన్ని మాత్రం విప్పి చూడకుండా ఎందుకు వదిలాను? తెలిసినందుననే. ఆమె ప్రశ్న వింటున్నప్పుడే నాకు తెలిసింది. ఇప్పుడు ఒప్పుకొంటున్నాను: తెలిసే అన్నాను.

ఆమె ఇంకొక రెండు రోజులు గడువడిగి బస్సుకు వెళ్లిపోయింది. మరునాటి ఉదయం నేను ఒంటరిగా వెళ్లి తేదీని సరిచేశాను. వెంటనే ఆమెకు ఫోను చేసి, "అమ్మా, ఒక్కసారి వచ్చి మళ్లీ ప్రయత్నించు" అంటే సరిపోయేది. పని అయ్యేది, ఉద్యోగం వచ్చేది, నా అబద్ధం కూడా బహుశా నా దగ్గరే ఉండిపోయేది. ఫోను చేతిలోకి తీసుకొన్నాను కూడా. నిన్న కానిది నేడెట్లయిందని ఆమె అడుగుతుంది గదా అని పెట్టివేశాను. నన్ను కాపాడుకొనడానికి ఆమెను ఒకసారి బలిపెట్టాననుకొంటాను గాని, లెక్కకు అది రెండవసారి.

నారాయణప్ప ఆ గడువు ఇవ్వలేదు. బస్టాండు దగ్గరి కంప్యూటరు అంగడి నుంచి ఒకాయనను పిలుచుకొని వచ్చాడు. మునిరత్నమ్మ వదిలిపోయిన ఫైలునే ఆయన నొక్కాడు. టీ తెప్పించేలోపల పని ముగిసింది.

"సూసినారా అయివోరా, తెలిసినోని సెయ్యి పడితే ఎట్లుంటాదో!"

నేను తల ఊపాను. ఆ శూన్యమాసంలోనే యంత్రంలో తొలి మాట ఎక్కింది. నేనే ఎక్కించాను.

చదువరీ, ఇంతవరకే అయితే ఈ కాగితాలు రాసేవాణ్ని కానేమో. ఉద్యోగం ఇవ్వలేమని మునిరత్నమ్మకు జాబు రాయాలని సంఘం తీర్మానించింది. సంఘంలో చక్కగా రాయగలవాడు ఎవరు? నేను. మర్యాద చెడకుండా, నొప్పించకుండా, ఒక్క అక్షరం పొల్లు లేకుండా రాశాను. "ప్రస్తుత కార్యానికి తగిన సాంకేతిక పరిజ్ఞానం మీయందు ఇంకను పరిపక్వము కాలేదని సంఘం భావించినది" అని రాశాను. రాసిన తర్వాత ఆ వాక్యం నడక బాగున్నదని అనిపించింది. అవును, అనిపించింది. ఇది కూడా దాచను. కింద నారాయణప్ప సంతకం చేశాడు.

అటుపిమ్మట ఆమె మదనపల్లెకు రాలేదు. నేను సంఘానికి పోవడం క్రమంగా తగ్గించాను. మోకాళ్లనొప్పులన్నాను, నమ్మారు. నిజానికి ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడల్లా మౌసు మీదినుంచి వెనక్కి పోయే చేయి కనిపించేది. మాటల కోసం ఊళ్లు తిరిగినవాణ్ని, ఒక మాట చెప్పలేక మనుషులకు దూరమయ్యాను. పక్కగదివారితో కూడా వేళ ఎంత అనడం తప్ప మాట లేదు. నన్ను ఎవరూ వెలివేయలేదు. వెలివేసి ఉంటే వెళ్లి కూర్చొనడానికి ఒక గుమ్మమైనా మిగిలేదేమో, నిందించేవారితో మాట్లాడవచ్చు. గౌరవించేవారితో ఏం మాట్లాడాలి?

రెండేండ్ల కిందట కుప్పం వెళ్లాను. అరవమూ కన్నడమూ కలసిన మాటలు కొన్ని సరిచూసుకోవలసి ఉండి, ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. బస్టాండు బయట ఎవరో "సార్" అని పిలిచారు. మునిరత్నమ్మ. చేతిలో టిఫిను డబ్బా. కూరగాయలు పెట్టెలకెత్తే షెడ్డులో పని చేస్తున్నదట. నాకు నీళ్లసీసా కొనిచ్చింది. పక్కనున్న ఆడవాళ్లకు, "మా అయివోరు. మాకు పద్యాలు సెప్పినోరు" అని చూపింది.

"కంప్యూటరు పని చేయడం లేదా అమ్మా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"వదిలిపెట్టేస్తి సార్. ఆ జాబు మీరు రాసిందేనని సదవంగానే తెలిసిపాయ, అట్ల రాసేది ఇంకెవురు? వేరేవాళ్లు రాసింటే కొట్లాడతా వచ్చిందును. మీరే రాసినారంటే నాకు రానట్టే గదా అనుకొంటి."

కోపం లేదు. నిష్ఠూరం లేదు. పాఠంలో అర్థం ఒప్పజెప్పినట్లు చెప్పింది. నేను ఉద్యోగం మాత్రమే తీసివేశాననుకొంటూ వచ్చాను. ఆమెకు తన చేతిమీద ఉన్న నమ్మకాన్ని తీసివేశాను. అదీ నేనే నేర్పిన భాషలో. అక్కడే చెప్పవలసినది. నోరు తెరిచాను. ఆమె బస్సు వచ్చింది. కాదు, ఇదీ అబద్ధమే. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. మేము ఎండను గురించి మాట్లాడుకొన్నాము.

నేనిప్పుడు క్షమాపణ కోరడం లేదు. అడిగితే ఆమె ఇస్తుంది, అందుకే అడగకూడదు. అయివోరు అడిగినాడని ఇచ్చేది క్షమ కాదు, పాత అలవాటు. ఆమెకు నేను బాకీపడినది ఒక్కటే, నిజం. తేదీ తప్పు. దానిని మార్చినవాణ్ని నేను. మునిరత్నమ్మా, నీవడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. ఆ గదిలో ఆ పని తెలిసిన మనిషివి నీవొక్కతెవే. ఈ నాలుగు వాక్యాలు రాసిన తర్వాత ఊపిరి కొంచెం లోతుగా ఆడుతున్నది. అది కూడా నాకు దక్కవలసిన సుఖం కాదేమో. అయినా ఆడుతున్నది.

పుష్య శుద్ధ పంచమి, గురువారం. ఈ కాగితాలకు రెండు ప్రతులు తీయించి, అడుగున సంతకం చేసి, ఒకటి నారాయణప్పకు ఆయన అంగడిలో ఇచ్చాను. రెండవది మునిరత్నమ్మకు, కుప్పంలో ఆమె పని చేసే షెడ్డు చిరునామాకు తపాలాలో పంపాను.

పుష్య బహుళ విదియ, సోమవారం. ఆమె అందుకొన్నట్లు సంతకం చేసిన చీటీ తిరిగి వచ్చింది. జవాబు రాలేదు.