వీరభద్ర జీపులో నేర్చిన భాష

వీరభద్ర జపాను భాష నేర్చుకున్నది సరదాకు కాదు. శ్రమ కొంత తగ్గుతుందని.

2002 ఎండాకాలంలో కర్నూలు నుంచి కడప వైపు పోయే కాలువ కొలతలు తీయడానికి జపాను నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. పెద్దాయన పేరు మొరిత, అరవై దాటాయి. చిన్నాయన ఒకాద, ముప్ఫై నిండలేదు. వాళ్ళను తిప్పడానికి మా కన్సల్టెన్సీ ఆఫీసు ఒక జీపు అద్దెకు తీసుకుంది. ఆ జీపు డ్రైవరు వీరభద్ర. నేను అదే ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. కొలతల కాగితాల కోసం వారంలో రెండు మూడు రోజులు వాళ్ళ వెంట వెనక సీట్లో కూర్చుని పోయేవాణ్ణి. అందువల్ల ఈ సంగతుల్లో సగం కళ్ళారా చూసినవి. మిగతా సగం అతను చెప్పినవి.

అప్పటికి అతనికి నలభై నాలుగేళ్ళు. సొంతూరు ఎమ్మిగనూరు దగ్గర పల్లె. ఎనిమిదో తరగతిలో బడి మాని లారీ క్లీనరుగా చేరాడు. ఆ తర్వాత డ్రైవరై ఇరవై రెండేళ్ళు ఉల్లిగడ్డలూ పత్తీ నాపరాళ్ళూ మోసి నడుం నొప్పి తెచ్చుకున్నాడు. జీపయితే కాస్త సుఖమని లారీ వదిలి, భార్య ఉరుకుందమ్మతో కర్నూలు వచ్చి కల్లూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మాట తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం ఎవరితోనైనా ఒకటే తీరు. వాళ్ళ పల్లెలో ఎంత పెద్దమనిషినైనా "నువ్వు రాప్పా" అనే అంటారు. అందులో అమర్యాద ఏమీ లేదు. మా మేనేజరుకు మాత్రం అది గిట్టేది కాదు. "సార్ అనడం రాదా నీకు?" అని మొదటి వారమే గదిమాడు. అప్పటినుంచి వీరభద్ర ఆయన ముందు నోరే తెరిచేవాడు కాదు.

జీపు కూడా సుఖపెట్టలేదు. తెల్లవారి ఆరింటికి బయలుదేరితే చీకటి పడేదాకా కాలువ కట్ట మీదే. ఆ ఏడు వాన లేదు, కాలువలో నీళ్ళు లేవు. ఎండిన కాలువ అడుగున దిగి జపానువాళ్ళు పగుళ్ళు కొలుస్తుంటే పైన దుమ్ములో జీపు కాగుతుండేది. వాళ్ళ భాష తెలిసిన మనిషి ఒకడు హైదరాబాదు నుంచి వచ్చాడు గానీ, ఎండకు తాళలేక నెలకే వెళ్ళిపోయాడు. మొరిత ఎక్కడో "తొమెరో!" అని అరిచేవాడు. వీరభద్రకు అర్థమయ్యేలోపు జీపు తూము దాటిపోయేది. కట్ట మీద బండి తిప్పడానికి చోటుండదు. మెడ వెనక్కి తిప్పి, అర కిలోమీటరు వెనక్కి నడపాలి. అలా రోజుకు పదిసార్లు.

"మెడ పట్టుకునిందప్పా," అన్నాడొక సాయంత్రం నాతో. "ఆ ముసలాయన నిలపమన్న మాట ముందే తెలిస్తే ఈ తిప్పలుండవు. నేర్చుకుంటా."

అలా మొదలైంది. చెవితోనే నేర్చాడు. తొమెరో అంటే ఆపు. మతె అంటే ఉండు. ఇకు అంటే పోవడం, తబెరు అంటే తినడం. విన్నదాన్ని డీజిల్ చీటీల వెనక తెలుగులో రాసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. రెండు నెలలకే మొరిత అరవక ముందే బండి ఆగేది.

కానీ ఒక చిక్కు కనిపెట్టాడు. ఒకే పనికి ఇద్దరూ రెండు మాటలు అంటున్నారు. పెద్దాయన ఇకు అంటే చిన్నాయన ఇకిమస్ అంటాడు. పెద్దాయన తబెరు అంటే చిన్నాయన తబెమస్. "వీళ్ళిద్దరిదీ ఒకే ఊరు కాదేమో," అన్నాడు నాతో. "మా ఊర్లో ఉండాది అంటే గుంటూరోళ్ళు ఉంది అంటారే, అట్లాంటిదేమో." ఎటూ యజమాని పెద్దాయనే కదా అని ఆయన మాటలే పట్టుకున్నాడు. పైగా అవి పొట్టివి. సాయంత్రం బండెక్కి మొరిత మోకాళ్ళు పట్టుకుంటూ "త్సుకరెతా" అనేవాడు. అలిసిపోయాను అని. వెంటనే "కయెరు" అనేవాడు, ఇంటికి పోతున్నాం అని. రోజూ వినేవి కాబట్టి ఆ రెండు మాటలూ వీరభద్రకు అన్నిటికన్నా బాగా వచ్చాయి.

నవంబరులో జపాను నుంచి ఒక పెద్ద అధికారి పని చూడడానికి వచ్చాడు. నాలుగు కార్లు, వెనక మా జీపు. తెల్లవారి నాలుగింటికి బయలుదేరి ఆత్మకూరు వైపంతా తిరిగి, పొద్దు వాలేవేళకు ఒక తూము దగ్గర ఆగాం. డ్రైవరుకు జపాను మాటలు వచ్చునని ఎవరో చెప్పినట్టున్నారు. ఆ అధికారి నవ్వుతూ వీరభద్ర దగ్గరికొచ్చి ఏదో అడిగాడు. అందులో త్సుకరెతా అన్న మాట ఒకటి వినిపించింది. మీరు అలిసిపోయి ఉంటారు పాపం అన్న పలకరింపు అది. దానికి లేదండీ, పర్వాలేదండీ అనాలి.

వీరభద్ర ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "త్సుకరెతా. కయెరు."

ఒకాద తల దించుకున్నాడు. మొరిత కాలువ వైపు తిరిగాడు. అధికారి నవ్వు ఆగిపోయింది, ఒక్క క్షణమే, మళ్ళీ తెచ్చుకున్నాడు. మా మేనేజరు ఆ క్షణాన్నే చూశాడు. ఒకాదను పక్కకు పిలిచి ఇంగ్లీషులో అడిగి సంగతి తెలుసుకున్నాడు. 'అలిసినా, ఇంటికి పోతా' అన్నాడట, అదీ పిల్లవాడితో అన్నట్టు అన్నాడట.

కార్లు కదిలాక మేనేజరు వీరభద్ర ముందుకొచ్చాడు. "ఇంటికి పోవల్లనా నీకు? పో. రేపట్నుంచి రావద్దు."

"అడిగినాడు, చెప్పినా సార్," అన్నాడు వీరభద్ర. ఆ రాత్రి జీపు తాళం నా చేతికిచ్చి కల్లూరుకు నడిచిపోయాడు.

తర్వాత అతనికి నీళ్ళ ట్యాంకరు నడిపే పని దొరికింది. కరువు కదా, ట్యాంకర్లకు కొదవ లేదు. మళ్ళీ బరువు బండి, మళ్ళీ నడుం. కొత్త డ్రైవరు సుందరం మంచివాడే గానీ, మొరిత ఆపమంటే పక్కకు తిప్పేవాడు. మూడు వారాలు చూసి ఒకాద నన్నడిగాడు, వీరభద్ర ఇల్లెక్కడ అని. ఆదివారం నేనే తీసుకుపోయాను.

ఒకాద అప్పటికి తెలుగు కొంత నేర్చాడు. కానీ పుస్తకంలో చదివీ, ఆఫీసులో వినీ నేర్చిన తెలుగు. వీధిలో ఒక ఎనుము అడ్డం నిలబడితే చేతులు జోడించినంత పని చేసి "దయచేసి పక్కకు వెళ్ళండి" అన్నాడు. గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న ఉరుకుందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల పడుకున్న వీరభద్ర నడుం పట్టుకుని లేచి వచ్చాడు.

ఒకాద అతని ముందు వంగి నిలబడి చెప్పాడు. "తప్పు మాది అండి. మీరు మా మాటలు విన్నారు. అవి ఇంటి మాటలు. పెద్దవారు చిన్నవారితో మాట్లాడేవి. మేము మీకు చెప్పలేదు."

"రెండు రకాలుండాయని నాకేం తెలుసప్పా," అన్నాడు వీరభద్ర. "పెద్దాయన మాటే మేలనుకుంటి. ఆయన నోట్లోంచి వస్తే మర్యాద, నా నోట్లోంచి వస్తే తప్పా?"

"అవును అండి," అన్నాడు ఒకాద.

ఉరుకుందమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తూ అంది, "అదేం భాషో ఏమో. మా అమ్మ చివరిదాకా నాయన్ను నువ్వనే అనె. ఆయప్ప మీద ప్రేమ లేకనా?"

మొరిత గట్టిగా అడగడం వల్ల మేనేజరు కాదనలేకపోయాడు. వీరభద్ర మళ్ళీ జీపెక్కాడు. ఈసారి ఒకాద దగ్గర సక్రమంగా నేర్చుకుంటానన్నాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, జీపు నీడలో ఇద్దరూ కూర్చునేవారు. ఒకాద ఒక్కో మాట మామూలుగా ఒకసారి, మస్ చేర్చి ఒకసారి చెప్పేవాడు. చివర మస్ తగిలిస్తే చాలనుకున్నాడు వీరభద్ర. చాలదు. ఆగి ఉండడానికి వాడే మత్సు మచిమస్ అవుతుంది. తాగడమనే నొము నొమిమస్ అవుతుంది. చేయను అనాలంటే మళ్ళీ వేరే తోక. జరిగిపోయినదానికి ఇంకో తోక. "మర్యాదకు ఎంత పొడుగప్పా," అని నిట్టూర్చేవాడు. ఎండకు కళ్ళు మూసుకుపోతుంటే మోకాలి మీద చెయ్యి కొట్టుకుంటూ వల్లె వేసేవాడు. ఎప్పుడు మస్ పెట్టాలో తేల్చుకోలేక అన్నిటికీ పెట్టేశాడు. బదులుగా ఒకాదకు ఎనుమును ఎట్లా అదిలించాలో నేర్పాడు. చిన్నపిల్లలను అండి అనకూడదని కూడా.

మొరిత ఈ మార్పు గమనించాడు. ఒకప్పుడు జీపులో ముసలాయనా వీరభద్రా పొట్టి మాటలతో ఒకరికొకరు సరిపోయేవారు. ఇప్పుడు వీరభద్ర ప్రతి మాటకూ ముందు ఆలోచించి, కూడబలుక్కుని, తోక తగిలించి చెప్పేవాడు. బండిలో మాటలు తగ్గాయి.

2003 మే నెల. ఆ రోజు నేను లేను. ఒకాద సర్వేవాళ్ళతో వేరే బండిలో ఆళ్ళగడ్డ వైపు ఉన్నాడు. మైదుకూరు దగ్గర ఒక తూము మిగిలిపోయిందని మొరిత వీరభద్రను వెంటబెట్టుకుని పోయాడు. మిట్టమధ్యాహ్నం. వద్దని ఎట్లా చెప్పాలో మర్యాద మాటల్లో వెతుక్కునేలోపే ముసలాయన కాలువలోకి దిగిపోయాడు. పావుగంటకు టోపీ ఒకచోట, మనిషి ఒకచోట పడి ఉన్నారు.

వీరభద్ర దిగి ఎత్తుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట లేదు. నడుం కలుక్కుమన్నా ఆగకుండా కట్టెక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, తువ్వాలతో సీటుకు కట్టాడు. క్యాన్లో నీళ్ళు నెత్తిన పోశాడు. ఆసుపత్రికి పద్నాలుగు కిలోమీటర్లు. ముసలాయన కళ్ళు మూతలు పడుతున్నాయి. అట్లా స్పృహ తప్పితే మనిషి దక్కడని లారీ రోజుల్లో చూశాడతను. మాట్లాడిస్తూ ఉండాలి.

"నిద్రపోకండి అనేది ఒకాద నేర్పించినాడు," అని తర్వాత నాకు చెప్పాడు. "అది సగం దూరం వచ్చి నోట్లోనే ఆగిపోయె. ఇంగ ఆ ముసలాయన మాటలే వచ్చినాయి."

"నెరునా!" అని అరిచాడు. నిద్రపోవద్దు అని. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన చెంప మీద కొడుతూ, "ఒకిరో! ఒకిరో!" లే, లే అని. సీసా నోటికి పెట్టి "నొమె!" తాగు అని. మొరిత కళ్ళు తెరిచాడు. గుక్కెడు తాగాడు. మళ్ళీ మూశాడు. వీరభద్ర మళ్ళీ అరిచాడు. జపాను మాటలు అయిపోయాక తెలుగులో అరిచాడు. "పడుకోవద్దప్పా, సచ్చిపోతావు, నా మాట ఇను!" దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి ముందు బండి ఆపేసరికి అతని గొంతు లేదు.

డాక్టరు, ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు. సాయంత్రానికి ఒకాద పరుగెత్తుకుంటూ వచ్చాడు. వీరభద్ర వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, లేవలేక. ఒకాదను చూడగానే అడిగిన మొదటి మాట, "పెద్దాయనకు చెప్పప్పా. మస్ పెట్టలేదు. టైం లేకపోయె."

ఒకాదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఈసారి తెలుగులో అండి లేకుండా, "నువ్వు మంచి పని చేసినావప్పా," అన్నాడు.

మొరిత వారం రోజులకు తేరుకున్నాడు గానీ, గుండె బాగాలేదు, ఇక ఎండలో తిరగవద్దన్నారు. జూన్ మొదట్లో హైదరాబాదు పోయే కారు వచ్చింది. ఆఫీసు ముందు అందరం నిలబడ్డాం. మేనేజరు పూలదండ వేశాడు. మొరిత అందరికీ చెయ్యి ఊపి, చివరికి వీరభద్ర ముందు ఆగాడు. ఎప్పుడూ పొట్టి మాటలాడే ఆ ముసలాయన రెండు చేతులూ తొడలకానించి, నడుం దాకా వంగి, నెమ్మదిగా ఒక పొడుగాటి వాక్యం చెప్పాడు. ప్రతి మాటకూ తోక ఉంది. ఇన్నాళ్ళూ మీ ఆదరణలో ఉన్నాను అని దాని అర్థమట, ఒకాద తర్వాత చెప్పాడు.

వీరభద్ర అంత పొడుగు వాక్యానికి జవాబు నేర్చుకోలేదు. ఏం చేయాలో తోచక మేనేజరు వైపు చూశాడు, మా వైపు చూశాడు. తర్వాత ముసలాయన భుజం పట్టుకుని లేపి, "పోయిరాప్పా. ఎండలో తిరగాకు," అన్నాడు.

మొరిత తలూపి కారెక్కాడు. అర్థమయిందో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత ఏడాదికి పని ముగిసింది, ఒకాద కూడా వెళ్ళిపోయాడు. ఆ రోజు ముసలాయనను ఎత్తినప్పుడు పట్టిన నడుం మళ్ళీ సరికాలేదు. వీరభద్ర బండి మానేసి, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వాచ్‌మన్‌గా చేరాడు. 2008లో మా అమ్మాయిని చేర్పించడానికి పోతే గేటు దగ్గర కుర్చీలో కనిపించాడు. పాత మాటలు ఏమైనా గుర్తున్నాయా అని అడిగాను.

"యాడప్పా," అన్నాడు. "పొద్దన్నుంచి పొద్దుమునిగేదాకా సార్ సార్ అనే సరిపోతాండాది."

లోపలి నుంచి ఎవరిదో కారు హారన్ మోగింది. వీరభద్ర రెండు చేతులూ కుర్చీకి ఊతం పెట్టి మెల్లగా లేచి, గేటు తీయడానికి పోయాడు.