వెంట్రుకవాసి కొన్న కంపైలర్

ఇనుము చెక్కే లేతు మీద ఆయన తీసిన కొలతకు తిరుగుండదని తోటివాళ్ళు ఆయనకు వెంట్రుకవాసి అని పేరు పెట్టారు. అలాంటి మనిషికి నడివయసులో కంప్యూటర్ గండం వచ్చిపడింది. ఫ్యాక్టరీలో పాత లేతులు తీసేసి కంప్యూటర్‌తో నడిచే కొత్త యంత్రాలు దించారు. చిన్న ప్రోగ్రామైనా రాయగలిగినవాళ్ళే పనిలో ఉంటారని, వచ్చే సోమవారం పరీక్ష అని మేనేజర్ చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

కామర్స్ చదివే కూతురు ఎవరినో అడిగి, తన కంప్యూటర్‌లో ఒక ఉచిత కంపైలర్ ఎక్కించి పెట్టింది. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది అదే. వెంట్రుకవాసి పుస్తకం ముందేసుకుని, కూడబలుక్కుని నాలుగు ముక్కలు రాసి మీట నొక్కాడు. తప్పుందంటూ ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

చదివాడా అంటే, లేదు. లేతు మీద నునుపు రాకపోతే కోసే బిట్టు మార్చడమే ఆయనకు తెలిసిన విద్య. శాంపిల్ అని ఊరికే ఇచ్చిన బిట్లు పుటుక్కున విరగడం ఎన్నోసార్లు కళ్ళారా చూశాడు.

"ఊరికే వచ్చేదాంట్లో సరుకేముంటుందే? డబ్బు పెట్టి కొనేది కూడా ఉందటగా."

"నేర్చుకునేవాళ్ళకి ఇది చాలంట నాన్నా. ముందు ఆ ఎర్ర అక్షరాలు చదువు."

"మొండి బిట్టుని చదివితే పదునొస్తుందా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని పిల్ల మనసులో అనుకుంది గానీ, తండ్రి ముఖం చూసి ఊరుకుంది. వారమంతా ఆయన ఒక ఉచిత కంపైలర్ తీసేసి ఇంకొకటి ఎక్కిస్తూ గడిపాడు. రాసిన ముక్కల జోలికి మాత్రం పోలేదు.

ఆదివారం పొద్దున బయటికి వెళ్ళి, ఖరీదైనదే కొనుక్కొచ్చాడు. దాంట్లో అదే ప్రోగ్రాం పెట్టి మీట నొక్కాడు.

అదే వరుస దగ్గర, అదే తప్పు.

"రెండూ ఒకే మాట చెప్తున్నాయి నాన్నా. తప్పు నువ్వు రాసిందాంట్లోనే ఉంది," అంది కూతురు మెల్లగా.

ఉచిత కంపైలర్ వాడినన్నాళ్ళూ తప్పు దానిదేనన్న ఆశ ఒకటి ఆయన్ని నిలబెట్టింది. ఇప్పుడు అదీ పోయింది. మొదటిసారి ఆ ఎర్ర అక్షరాలు చదివి ఒక తప్పు దిద్దాడు. దాని కింద మరో మూడు బయటపడ్డాయి. ఈ వారం రోజులూ వీటిని చదివి ఉంటే ఒక దారి దొరికేది. ఇప్పుడు తెల్లవారితే పరీక్ష. ఆ మనిషిని చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఉద్యోగం పోతే పోనివ్వండి. చిన్న లేతు షెడ్లు లేవా? కొలతలు తీసే మీ మైక్రోమీటర్లూ వెర్నియర్లూ ఉన్న పెట్టె పట్టుకుని వెళ్తే, కాదనేవాళ్ళెవరు?"

ఆయన మీట మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆ పెట్టె అమ్మేగా ఈ కంపైలర్ని కొన్నాను," అన్నాడు.