చంద్రుడి మీద బ్లాస్ట్ ఫర్నేస్

నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్ అయ్యాక నెల్లాళ్లు చదవొద్దన్నారు డాక్టరు. అప్పటికే ఆయన విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న కొత్త పుస్తకం, రాబోయే లోకాలను ఊహించి రాసిన కథల సంపుటి, బల్ల మీద ఎదురుచూస్తోంది. "నువ్వు చదువమ్మా, నేను వింటాను" అన్నారు. నా గుండెల్లో రాయి పడింది.

నేను భిలాయిలో పుట్టి హిందీ మీడియంలో చదివినదాన్ని. తెలుగు బాగానే మాట్లాడతాను. చదవడం మాత్రం అమ్మ నేర్పిన అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఒత్తులొస్తే నా బండి మొరాయిస్తుంది. నాన్న ఇచ్చిన పత్రికలన్నీ బొమ్మలు చూసి, బాగున్నాయని తిరిగిచ్చేసేదాన్ని. నలభై ఆరేళ్లొచ్చాక నిజం చెప్పడానికి సిగ్గేసింది.

మొదటి కథలో చంద్రుడి మీద ఒక ఊరు, ఆ ఊళ్లో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్. భిలాయిలోనే, రిసాలి పేటలో ఉన్న మా ఇంటి వరండాలో, భోజనాలయ్యాక, రెండు పేజీలు ఎలాగో కూడబలుక్కుంటూ చదివాను. మూడో పేజీ చూస్తే నీరసమొచ్చింది. ఇక లాభం లేదని పుస్తకం మీదే చూపు ఉంచి సొంత కథ అల్లేశాను. ఊరివాళ్లు రాత్రి ఫర్నేస్ ఆపేసి పడుకున్నారనీ, తెల్లారి మళ్లీ వెలిగించారనీ గడగడా చెప్పాను. నా ధాటికి నాకే ముచ్చటేసింది.

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఫర్నేస్ దగ్గర ముప్పై ఏడేళ్లు షిఫ్టులు చేసిన మనిషి ముందా నా వేషాలు! నాన్న నల్ల కళ్లద్దాలతోనే లేచి కూర్చున్నారు.

"ఏటమ్మా, రాత్రి ఆపీసి పొద్దున్న ముట్టించీడానికి అదేటి, వంటింట్లో గేస్ స్టవ్వా? లోపలున్న ఇనుమంతా గడ్డకట్టీదూ? చంద్రుడి మీద గాలెక్కడిదని నేనడిగానా? కథ కదాని ఒప్పుకున్నాను. ఇది మాత్రం ఒప్పుకోను. రాసినోడికి ఉత్తరం రాస్తాను."

పాపం, ఆ రచయిత ఏం చేశాడు?

"ఝూఠ్ బోలీ నాన్నా, అబద్ధం చెప్పీసినాను. ఆ పేజీ చదవడం నాకు రాలేదు. నేనే కట్టీసినాను." సిగ్గుపడితే నాకు హిందీయే ముందొస్తుంది.

"షిఫ్టులని చెప్పి నీ పక్కన కూచుని నేర్పలేదు. తప్పు నాదే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనే మళ్లీ అందుకున్నారు. "లాగ్‌బుక్‌లో రాయడానికి రీడింగ్ తెలీకపోతే ఖాళీ వదిలీమనీవోడిని మా కుర్రోళ్లకి, ఊహించి రాయొద్దని. రానికాడ ఆగు. అక్షరాలు చెప్పు, మాట నేను చెప్తాను."

అలా సాగింది మా చదువు. రోజుకి రెండు పేజీలు దాటేది కాదు. అసలు కథలో ఆ ఊరివాళ్లు ఫర్నేస్ చల్లారకూడదని వంతులేసుకుని మేలుకుంటారు. "వీడికి తెలుసు" అన్నారు నాన్న, సంతోషంగా. నా కథకన్నా అదే బాగుందని నేనూ ఒప్పుకున్నాను.

ఆఖరి కథ మధ్యలో ఉండగా నాన్నకి కొత్త కళ్లద్దాలొచ్చాయి. పెట్టుకుని, పుస్తకం కోసం చెయ్యి చాపారు. నేనివ్వలేదు.

"ఆగు నాన్నా. ఆకాశంలో తప్పిపోయిన ఆ పిల్ల ఇంటికొచ్చిందో లేదో నేను ముందు చదవాలి. నాదయ్యాక నీకిస్తాను."